తిత్తి కుట్టినోళ్ళ చరిత్ర

ఇనుము చరిత్ర రాసినోళ్ళు కత్తి పట్టినోని పేరు రాసినారు. కొంచెం మనసున్నోళ్ళు సుత్తి పట్టినోని కులం పేరన్నా రాసినారు. కొలిమిలోకి గాలి యాడినుంచి వచ్చిందనే సంగతి మాత్రం ఒక్క వాక్యంతో దాటిపోయినారు. గాలి తిత్తిలోంచి వచ్చింది. తిత్తి తోలుతో అయింది. ఆ తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, లందలో తంగేడు చెక్క రసం పట్టించి, వారుతో కుట్టినోడు మాదిగోడు. తిత్తి లేకుంటే కొలిమిలో బొగ్గు ఉత్త నిప్పే. ఆ నిప్పు మీద జొన్నరొట్టె కాలుతుంది గానీ కర్రు సాగదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా ఇంట్లో ఉన్న సామాన్లను బట్టి చెప్తున్నాను.

మాది పుట్టపర్తి పక్కన, చిత్రావతి ఒడ్డున ఒక చిన్న పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. బుక్కపట్నం డైట్‌లో ట్రైనింగు చేసి, డీఎస్సీ రాసి, ప్రభుత్వ బళ్ళో టీచరునైనాను. మాదిగగేరిలో మా ఇంటి వెనక రేకుల కొట్టం ఉంది. అందులో ఒక మూల దాగలి, రెండు పటకార్లు, సమ్మెట, చేతిసుత్తి, ఎండి అప్పడమైపోయిన తిత్తి ఉండేవి. ఇవి కమ్మరి సామాన్లు. వాటి పక్కనే గోనెసంచిలో రంపె, రెండు ఆరెలు, చింతమొద్దు గూటం, తోలు పరిచి కోసే బండ. ఇవి మా తాతవి. మా నాయన దాగలిని బట్టలుతికే రాయికి ఆనుగా పెట్టినాడు. పటకారుతో మా అమ్మ పొయ్యిలో బొగ్గులు తీసేది. ఇన్నేండ్లూ అవి సామాన్లే. చరిత్ర అని మాకెవురూ చెప్పలేదు.

కమ్మరి సామాను మాదిగింటికి ఎట్లొచ్చింది? దీనికి జవాబు చెప్పాలంటే పల్లెటూరి లెక్క చెప్పాలి.

విజయనగర రాజుల కాలం నుంచీ మా సీమలో ఆయగాండ్ల పద్ధతి ఉంది. పన్నిద్దరు ఆయగాండ్రు అనేవాళ్ళు. జాబితా ఊరికీ ఊరికీ కొంచెం మారుతుంది. రెడ్డి, కరణం, పురోహితుడు పైన ఉంటారు. తలారి, నీరుకట్టు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వస్తారు. చాలా జాబితాల్లో కడగా మాదిగ ఉంటాడు. విజయనగరానికి రెండో రాజధాని అయిన పెనుగొండ మాకు దగ్గరే. అక్కడి కోటగోడలు చూపించడానికి బడిపిల్లల్ని బస్సెక్కించి తీసుకుపోతాం. ఆ గోడలకు రాయి చెక్కిన శానాన్ని ఏ కొలిమిలో కాల్చినారో, ఆ కొలిమిని ఎవురు ఊదినారో పిల్లలకు చెప్పే బోర్డు అక్కడ ఉండదు.

ఆయగాండ్లకు కూలి లేదు, మేర ఉంది. కళ్ళంలో పంట నూర్చినంక రైతు కొలిచి ఇచ్చే గింజలే మేర. కమ్మరికి మేర, మాదిగకూ మేర. అయితే కొలిచే చేటా వేరు, నిలబడే చోటూ వేరు. కమ్మరి కళ్ళంలోకి పోయి తీసుకుంటాడు. మాదిగోడు కళ్ళం బయట పంచె పరిచి నిలబడాల. అడుగున మిగిలిన మట్టిగింజలు మాదిగోని వంతు. మా అవ్వ ఇప్పటికీ గింజలు చెరిగేటప్పుడు ఒక మాట అంటుంది. "మన్ను ఏరుకునేది మనకు పుట్టుకతో వచ్చిన విద్య నాయనా."

మా తాత ఊరి కమ్మరికి తిత్తి కుట్టేవాడు. పాత తిత్తి చీలితే అతుకు వేసేవాడు. రెండు మూడేండ్లకొకసారి కొత్తది కట్టేవాడు. తిత్తి ఒకటి ఉంటే చాలదు, జత కావాల. ఒకటి గాలి పీలుస్తుంటే ఇంకోటి ఊదుతుంది. అప్పుడే గాలి తెగకుండా నిప్పులోకి పోతుంది. మామూలు బొగ్గునిప్పుకు ఇనుము వంగదు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాల. కమ్మరి పనికి అంత అక్కర్లేదు గానీ, కర్రు సాగాలంటే వెయ్యి డిగ్రీల దగ్గరికన్నా పోవాల. ఆ వేడిని తెచ్చేది గాలే. సైన్సు పాఠంలో ఆక్సిజన్ అని రాసి సున్నా చుట్టి చూపిస్తాం. మా తాతకు ఆక్సిజన్ తెలీదు. తోలు ఎంత మెత్తగుంటే గాలి అంత గట్టిగా పోతుందని తెలుసు.

తిత్తి కుట్టడం అయినంక దాన్ని కొలిమిసాల గుమ్మం ముందర పెట్టి మా తాత పక్కకు జరిగేవాడు. కమ్మరి నీళ్ళు చల్లి లోపలికి తీసుకుపోయేవాడు. మా తాత కుట్టిన తోలు లోపల, మా తాత బయట. తిత్తి ఊదుతుంటే వచ్చే గాలికి అంటు లేదు, కుట్టిన చేతికి ఉంది. ఇంకో విచిత్రం చూడండి. పెద్దరైతు కర్రులు సాగగొట్టించుకోవడానికి వస్తే సమ్మెట కొట్టడానికి తన జీతగాణ్ణి వెంట తెచ్చేవాడు. ఆ జీతగాడు మా గేరి పిల్లోడే. సమ్మెట బరువు మోయాల్సి వచ్చినప్పుడు సాల అంచు దాకా రానిచ్చేవాళ్ళు. సమ్మెట దించినంక మళ్ళీ బయటికే. అంటరానితనానికి కూడా పనివేళలు ఉన్నాయన్నమాట.

ఈ లెక్క మా ఒక్క ఊరిది కాదు. ఇనుము చరిత్ర పొడుగునా ఉన్నదే.

తెలంగాణలో నిజామాబాదు ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. తెల్లోళ్ళు 'వూట్జ్' అని పిలిచింది మన 'ఉక్కు'నే. 1819లో లండన్‌లో మైకేల్ ఫారడే అంతటోడు ఈ ఉక్కును పరీక్షించి వ్యాసం రాసినాడు. డమాస్కస్ కత్తి అని ప్రపంచం మెచ్చుకున్న కత్తులకు ఇట్లాంటి ఉక్కే ఆధారం. మట్టి మూసలో ఇనుమూ బొగ్గుపొడీ వేసి మూతి మూసి, గంటల తరబడి గాలి తెగకుండా ఊదితే గానీ ఆ ఉక్కు రాదు. గాలి ఆగితే మూస చల్లబడి సరుకంతా వ్యర్థం. మరి ఆ గాలి పోయిన తోలు ఎవరిది? చరిత్ర పుస్తకాల్లో కత్తికి ఒక అధ్యాయం ఉంది, ఉక్కుకు ఒక పేజీ ఉంది, తిత్తికి ఒక మాట ఉంది. తిత్తి కుట్టినోనికి ఆ మాట కూడా లేదు.

మాకు ఇంకా దగ్గర్లో ఇంకో సాక్ష్యం ఉంది. 1799లో టిప్పు పడిపోయినంక, ఇంగ్లీషోళ్ళు ఆ సీమలో ఏముందో లెక్క రాయమని ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టర్ను పంపినారు. ఆయన 1800లో హిందూపురం దాటి పోతే వచ్చే మధుగిరి ప్రాంతంలో తిరిగినాడు. వాగుల్లో కొట్టుకొచ్చే నల్ల ఇసుకను కరిగించి ఇనుము తీసే కొలుముల్ని చూసినాడు. ఎంత బొగ్గు, ఎంత ఇసుక, ఎంతమంది మనుషులు అని లెక్కగట్టి రాసినాడు. తెల్లదొర లెక్క రాసింది పన్ను కోసమూ వ్యాపారం కోసమూ. మనం లెక్క రాయాల్సింది వేరే దానికోసం.

సీమలో పుట్టినోళ్ళకు పోతులూరి వీరబ్రహ్మం కథ చెప్పక్కర్లేదు. విశ్వబ్రాహ్మణుల్లో పెరిగినోడు, అంటే కొలిమి కులమోడు. దూదేకుల సిద్దయ్యనూ మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా తీసుకున్నాడని జనం చెప్పుకుంటారు. మా ఊళ్ళో తంబురా పట్టుకుని ఆయన తత్వాలు పాడేవాళ్ళలో కమ్మరోళ్ళూ ఉండేవాళ్ళు, మాదిగోళ్ళూ ఉండేవాళ్ళు. రాత్రి తత్వం పాడేటప్పుడు కక్కయ్య గొప్పోడు. పొద్దున తిత్తి తెచ్చినప్పుడు కక్కయ్య గుమ్మం బయట. నేను కమ్మరి కులాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళూ చేతుల మీద బతికినోళ్ళే, వాళ్ళనూ పైకులాలు కిందనే చూసినాయి. చేతులతో బతికే రెండు కులాల మధ్య గుమ్మం కట్టింది ఎవరో తెలుసుకోవడానికే రాస్తున్నాను. 1936లో అంబేద్కర్ కులనిర్మూలన గురించి రాస్తూ కులం పంచింది పనిని ఒక్కదాన్నే కాదని, పనిచేసే మనుషుల్నే ఒకరికొకరు కాకుండా చీల్చిందని వాదించినాడు. మా ఊరి కొలిమి గుమ్మం ఆ వాదానికి కొలబద్ద.

ఇప్పుడు ఆ సామాను మా ఇంటికొచ్చిన కథ చెప్తాను.

మా జిల్లాలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. బావినీళ్ళతోనే సేద్యం. ఆ నీళ్ళు తోడింది కపిల. కపిలకు తోలు బాన కావాల, తోలు తొండం కావాల. రెండూ మాదిగోడే కుట్టాల. 1903లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి క్రోమ్ టానింగ్ ప్రయోగాలు మొదలుపెట్టినాడు. ఈ కపిల బానలు నీళ్ళలో తొందరగా కుళ్ళకుండా చెయ్యాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. తోలుపనికి కొత్త విద్య వచ్చింది గానీ అది ఫ్యాక్టరీకి పోయింది, లంద దగ్గరికి రాలేదు. తర్వాత కరెంటు వచ్చింది, మోటార్లు వచ్చినాయి, కపిల ఆగిపోయింది. టైరు చెప్పులు వచ్చినాయి, కిర్రుచెప్పులు పోయినాయి. కొలిమిలోకి చేత్తో తిప్పే చక్రం బ్లోయరు వచ్చింది, తిత్తి పోయింది. ట్రాక్టరు వచ్చింది, కర్రూ పోయింది. బోర్లు లోతుకు పోయేకొద్దీ కమ్మరికీ మాదిగకూ ఒకే గతి పట్టింది. 1987 కరువులో మా ఊరి కమ్మరి ఇల్లు మూసి బెంగళూరు బండెక్కినాడు. మా తాతకు మూడేండ్ల మేర బాకీ. ఇవ్వడానికి గింజలు లేవు. "ఇవి పెట్టుకో మామా, మళ్ళొచ్చి తీసుకుంటా" అని దాగలీ పటకార్లూ సమ్మెటా తిత్తీ మా గుడిసె ముందర దించిపోయినాడంట. అన్నేండ్లు గుమ్మం దాటనీయని సామాను, బాకీ కింద గుమ్మం దాటి మా ఇంట్లోకే వచ్చింది. ఆయన మళ్ళీ రాలేదు. "మామా" అని పిలిచింది ఆ ఒక్కసారేనని అవ్వ చెప్తుంది.

ఈ సామాన్లను బాగుచేసి, చిన్న కొలిమి పెట్టి, ఆదివారాలు ఇనుము కొట్టడం నేర్చుకుంటానని పోయినేడాది మా ఇంట్లో చెప్పినాను. మా నాయన నవ్వినాడు. మా అమ్మ "టీచరు పని చాలదా?" అనింది. అవ్వ మాత్రం లేచి వచ్చి తిత్తిని వాసన చూసి, "ఇది పనికిరాదు, కొత్తది కుట్టాల" అనింది.

సుత్తీ సమ్మెటా తేలిగ్గానే దారికొచ్చినాయి. కిరసనాయిలు పోసి, ఇటుకపొడితో రుద్ది, గరుకు కాగితం పట్టిస్తే తుప్పు పోయింది. పటకార్ల రివిటు బిగుసుకుపోయింటే నిప్పులో కాల్చి, ఎర్రగున్నప్పుడే తెరిచి మూసి తెరిచి మూసి సడలించినాను. సమ్మెటకు తుమ్మకర్ర కామ చేయించి, మేకు దిగ్గొట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెడితే కర్ర ఉబ్బి బిగుసుకుంది. దాగలి అంచులు దెబ్బలకు పుట్టగొడుగు మాదిరి బయటికి ఒరిగినాయి. వెల్డింగు చేయిద్దామని కొందరు చెప్పినారు. ఆ వేడికి మొహం పదును చచ్చిపోతుంది. అందుకని ఆకురాయితోనే అంచు సరిచేసినాను. నాలుగు ఆదివారాలు పట్టింది. దాని మొహం మీద పాత బేరింగు గోళీ వదిలితే చెంగున పైకి లేచింది. ఇంకా ప్రాణముంది.

తిత్తి దగ్గరే అసలు చదువు. తోలుపని మగోని పని అని నేనూ అనుకునేవాణ్ణి, మా తాత పేరే చెప్పుకునేవాణ్ణి. అవ్వ కూచుని చెప్తుంటే తెలిసింది. అడివికి పోయి తంగేడు చెక్క కొట్టుకొచ్చింది ఆమె. ఎండబెట్టి రోట్లో దంచింది ఆమె. లందకు నీళ్ళు మోసింది ఆమె. వాసన ఒంటికి పట్టుకుని పండగపూట కూడా ఊరి బావి దగ్గరికి పోలేనిది ఆమె. తాత చేసింది కోయడమూ కుట్టడమూ. మేర పంచెలో పోసింది మాత్రం తాతకే. చరిత్ర మా తాతను మర్చిపోయిందని అడిగే నేను, మా ఇంటి చరిత్రలో అవ్వ ఎక్కడుందో కూడా అడగాల గదా. అందుకే ఈ వ్యాసంలో తిత్తి కుట్టినోడు అనకుండా తిత్తి కుట్టినోళ్ళు అని పేరు పెట్టినాను.

మేకతోలు కసాయి దగ్గర కొన్నాను. చీల్చకుండా సంచి మాదిరి ఒలిపించినాను. ఇప్పుడు మా దిక్కు తోళ్ళన్నీ ఏజెంట్ల చేతిమీదుగా తమిళనాడు టానరీలకు పోతాయి. లంద తొక్కినోళ్ళు మా గేరిలో ఎవురూ లేరు. అవ్వ చెప్పినన్నాళ్ళు సున్నంలో పెట్టి, వెంట్రుక గీకి, కడిగి, తంగేడు రసం మార్చి మార్చి పోసినాము. ఆముదం పట్టించి మెత్తచేసినాము. ఎనభై దాటిన మనిషి ఆరెతో బొక్క పొడిస్తే నేను వారు లాగినాను. గాలిబొక్కకు లోపలినుంచి తోలు నాలుక కుట్టింది. తిత్తి లేపితే నాలుక తెరుచుకుని గాలి పీలుస్తుంది, నొక్కితే మూసుకుని గాలి మూతిలోంచే పోతుంది. ఎన్ని సైన్సు పరికరాలు చూపించినా కవాటం అంటే ఏందో నా పిల్లలకు అర్థం కాలేదు. ఈ నాలుక చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమైంది.

దీన్ని ఏమని పిలవాల? మొదటిసారి ఉద్యోగానికి బయోడేటా రాసినప్పుడు 'హాబీలు' అని ఒక గడి ఉంటే ఏం రాయాలో తెలీక ఖాళీగా వదిలినాను. మా ఇంట్లో చేసిందంతా పనే. మానుకోవడానికి వీలున్న పని ఒక్కటి కూడా లేదు. మానుకోవడానికి వీలుండేదే హాబీ. నాకు అది దొరకడానికి మూడు తరాలు పట్టింది.

ఉద్యమంలో ఉన్న నా స్నేహితుడొకడు కొట్టం చూసి కోపం చేసుకున్నాడు. "అన్నా, రంపె వదిలించుకోవడానికి మనోళ్ళు ఎన్ని దెబ్బలు తిన్నారు! నువ్వు చదువుకుని మళ్ళీ పడతావా? రేపు ఇంకోడు వచ్చి, చూడండి టీచరైనా వాళ్ళ బుద్ధి అదే అంటాడు" అన్నాడు. ఆ కోపంలో న్యాయముంది. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని చెప్పింది ఆత్మగౌరవం కోసమే. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో గొడ్డుతోలు ఒలుస్తున్న దళిత యువకుల్ని కట్టేసి కొడితే, అక్కడి దళితులు చచ్చిన గొడ్లను తెచ్చి కలెక్టరాఫీసు ముందర పడేసినారు. మొయ్యం పో అన్నారు. ఆ 'మొయ్యం' అన్న మాట వెనకాలే నేను నిలబడతాను.

దీనికి టీచరుగా ఇంకో సంగతి కలుపుతాను. 1953లో మద్రాసు ముఖ్యమంత్రిగా రాజాజీ పల్లెటూరి ప్రాథమిక బళ్ళలో చదువు గంటలు తగ్గించి, మిగతా పొద్దు పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం పెట్టినాడు. మాదిగ పిల్లోడు లంద దగ్గరికి, కరణం పిల్లోడు దస్త్రం దగ్గరికి. జనం కులవిద్య పథకమని తిట్టిపోసినారు, 1954లో కామరాజ్ రద్దు చేసినాడు. అది బతికి ఉంటే మా నాయన అక్షరం, నా డిగ్రీ రెండూ ఉండేవి కావు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వం పీఎం విశ్వకర్మ అని పథకం తెచ్చింది. పద్దెనిమిది వృత్తులు, పనిముట్లకు 15,000 రూపాయలు. కమ్మరీ ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడూ ఉన్నాడు. పేదోనికి పనిముట్లిస్తే వద్దనేది లేదు. అయితే అందులో కుటుంబ సంప్రదాయ వృత్తి అనే మాట ఉంది. 2024లో తమిళనాడు ప్రభుత్వం ఆ షరతు తీసేయమని అడిగింది. అడిగింది న్యాయమే. పనిముటు ఇవ్వాల్సింది నేర్చుకుంటామని వచ్చినోనికి, ఎవరికి పుట్టినాడో చూసి కాదు.

నా స్నేహితునికి నేను చెప్పింది ఇదే. ఎవడో పిలిస్తే పోయి కుట్టాల్సిన రంపె వేరు, నా కొట్టంలో నేను పట్టుకున్న రంపె వేరు. మొదటిది మన మెడకు వేసింది. రెండోది మనం చేతికి తీసుకున్నది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఏం చేసింది? చావుకు కొట్టమని మనమీద మోపిన డప్పునే మన హక్కు కోసం కొట్టింది. దాచుకున్న కులం పేరును పేరు చివర రాసుకోమంది. నేర్పు మనది, అవమానం వాళ్ళది. అవమానం వదిలేటప్పుడు నేర్పు కూడా పారేస్తే, ఆ నేర్పు మనకు లేదనే వాళ్ళ అబద్ధాన్ని మనమే నిజం చేసినట్టు. ఇంకొక్కటి కూడా చెప్పినాను. రంపె ఇంతకుముందు నుంచీ మనదే, కొలిమి మాత్రం ఎన్నడూ మనది కాదు. మాదిగోడు దాగలి ముందర నిలబడి ఇనుము కొట్టడం కులవృత్తి కాదు, కులం గీసిన గీత దాటడం.

నేను మొదట కొట్టింది కొత్త రంపె. పాత లారీ కమాను బద్ద తెచ్చి, కంపతుమ్మ బొగ్గు పోసి, నా కొడుకు తిత్తి ఊదుతుంటే కాల్చినాను. సాగగొట్టి, అంచు తీసి, మళ్ళీ ఎర్రగా కాల్చి శెనక్కాయ నూనెలో ముంచినాను. మెల్లగా వేడి చేస్తే మెరిసే ఇనుము మీద రంగు పాకుతుంది. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం. గడ్డిరంగు అంచుకు రాగానే ఆపాల. అవ్వ దాన్ని బొటనవేలి మీద ఆనించి చూసి, "మీ తాతది దీనికంటే పదును" అనింది. అది నిజమే. మా బడి పిల్లల్లో కమ్మరోళ్ళ పాప ఒకతె ఉంది. తిత్తి చూడ్డానికి వచ్చి, ఆదివారం ఊదడానికి నేనూ వస్తా సార్ అనింది. రమ్మన్నాను. మా కొట్టానికి గుమ్మం లేదు.

ఇది చదివే విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక పని చెప్తాను. మీ ఊళ్ళో మూతపడిన కొలిమి ఉంటుంది. ఆ కొలిమికి తిత్తి ఎవరు కుట్టినారో, తంగేడు చెక్క ఎవరు దంచినారో, సమ్మెట ఎవరు ఎత్తినారో, వాళ్ళు ఎక్కడ నిలబడినారో అడగండి. గూటం, ఆరె, లంద, తొండం, బాన, వారు అన్న మాటలన్నీ వాళ్ళు చెప్పినట్టే రాయండి. మా తాత పోయినంక నాకు అవ్వ మిగిలింది. మీ గేరిలో ఇంకా ఎవరు మిగిలినారో చూసి, నోటుబుక్కు తీసుకుని ఈ ఆదివారమే పోండి.